పట్టీ తీయించేద్దామనుకున్నాను

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి పెందుర్తికి చేపల పెట్టెలతో వెళ్లేటప్పుడు మా పికప్ బుద్ధిగానే ఉంటుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే బాధంతా. గోపాలపట్నం దాటి ఎన్‌ఏడీ జంక్షన్‌కి వచ్చేలోపు ప్రతి గతుక్కీ వెనక భాగం ఎగిరిపడేది. పక్క సీట్లో నాన్న నడుం పట్టుకుని, పైకేమీ అనకుండా కూర్చునేవారు. 2009లో ఆయన కొన్న బండి. అమ్మేద్దామన్న మాట నా నోటెంట రాదు.

వెనక ఒక్కో పక్క ఏడు కమాను పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బండి బరువు మోసే స్ప్రింగు ఇనప పట్టీలు. రెండు తీయించేస్తే మెత్తబడుతుందని నా లెక్క. గాజువాక ఆటోనగర్‌లో కమాన్లు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బండి కిందికి దూరి టార్చి వేసి చూశారు.

"పట్టీ తీసీడానికేటి బాబూ, గంట పని. రేపు టన్ను సరుకెత్తితే మిగిలినవి విరుగుతాయి. అసలివి కదుల్తున్నాయేటి?"

కదలడం లేదు. చక్రం గతుకులో పడినప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. పెట్టెల్లోంచి కారే ఉప్పు ఐసునీళ్లు ఇన్నేళ్లూ సందుల్లోకి దిగి, ఏడూ తుప్పుతో ఒకే దిమ్మలా అతుక్కుపోయాయి. బరువుంటే ఆ పట్టు కాస్తయినా విడుతుంది, ఖాళీ బండికి ఆ బలం చాలదు.

పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు కోసి విడదీస్తే తుప్పు అప్పడం ముక్కల్లా రాలింది. కింది పట్టీ కొస రాసుకుని రాసుకుని పై పట్టీలో గాడి పడింది. గోరు పెడితే అక్కడే ఆగిపోయింది. ఆ పట్టీ ఒక్కటీ మార్చాం. మిగతావి వైరు బ్రష్షుతో గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి కొత్త యూ బోల్టులతో బిగించారు. షాక్ అబ్జార్బర్లూ, కమాను కొసల్లో ఉండే రబ్బరు తొడుగులు, షాకిల్ బుష్షులూ కొత్తవే. బుష్షు బోల్టులు మాత్రం జాకీ దించి, చక్రాలు నేలకానాకే బిగించారు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడిపోయి తొందరగా చిరుగుతుందట. వెనక టైర్లలో 65 గాలి కొట్టిస్తూ వచ్చాను, దాన్నీ కంపెనీ లెక్కకు దించాను.

మొన్న వచ్చేటప్పుడు కంచరపాలెం దగ్గర చూస్తే నాన్న నిద్రపోతున్నారు.

ఇప్పుడు పెట్టెల కింద ట్రే వేసి, మూలన కన్నం పెట్టి, గొట్టంతో నీళ్లు డబ్బాలోకి దింపుతున్నాను. ఆ నీళ్లు రోడ్డు మీద పడితే వెనకొచ్చే స్కూటర్లు జారతాయి కూడా. సాయంత్రం బండి కింద మంచినీళ్ల పైపు పెట్టి కమాన్లు కడుగుతున్నాను.