రూలు నోటికొచ్చింది, చేతికి రాలేదు

రెండు నెలల్లో మూడుసార్లు స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయానని మా అబ్బాయి పట్టుబట్టి నిన్న విజయనగరంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నాకు 68. ముప్పై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి.

ఓపీ చీటీ, బీపీ, రక్తం ఇవ్వడం గంటలో అయిపోయాయి. టోకెన్లు పిలిచే కుర్రాడు మాత్రం తెలిసినవాళ్లని పక్క తలుపులోంచి పంపేశాడు. మీరు వెళ్తే ఆ తలుపు దగ్గరే కూర్చోండి.

తర్వాత పరీక్షలు. ఇవాళ ఏ వారం, ఏ జిల్లా అని అడిగింది ఒకమ్మాయి. నూరులోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంది. 93, 86, 79... ఐదుసార్లు చాలంటున్నా ఆగకుండా 2 దాకా వెళ్లిపోయాను. మా అబ్బాయి వైపు ఓ చూపు చూశాను కూడా.

అప్పుడు పెట్టింది అసలు పరీక్ష. కాగితం మీద చిన్న చిన్న సున్నాలు, మొత్తం 25. కొన్నింట్లో 1 నుంచి 13 దాకా అంకెలు, మిగతావాటిలో ఏ నుంచి ఎల్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. 1 నుంచి ఏకి, ఏ నుంచి 2కి, 2 నుంచి బికి, పెన్ను ఎత్తకుండా గీత గియ్యాలి. "రూలు ఒకసారి చెప్పండి మాస్టారూ" అంది. అప్పజెప్పాను. డి దాకా బాగానే నడిచింది. 5కి వెళ్లాక పక్కనే 6 కనిపించింది. గీసేశాను.

"మాస్టారూ, ఒకసారి చూడండి."

చూసుకున్నాను. రూలేంటంటే మళ్లీ గడగడా చెప్పాను. 8 దగ్గరా అదే పని. గడియారం ఆపదట. నాలుగు నిమిషాలు దాటాక ఎల్ నుంచి 13కి చేరాను. చెమట పట్టేసింది. మా అబ్బాయి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి, ఇదే నా సలహా.

"తెలిసి కూడా ఎందుకు చెయ్యలేదురా" అని ఎంతమంది చెవులు మెలిపెట్టానో!

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. మీది మతిమరుపు జబ్బులా లేదండీ అంది. ఆలోచన వేగం చిన్న వయసు నుంచే మెల్లగా తగ్గుతూ వస్తుందట, మాటల సంపద మాత్రం చాలాకాలం నిలుస్తుందట. రూలు తెలిసీ చేతిలోకి రాకపోవడం గురించి జాన్ డంకన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1996లోనే రాశాడని చెప్పింది. ఆయన పరీక్షలో తెర మీద రెండు వైపులా అక్షరాలూ అంకెలూ వస్తుంటాయి. చెప్పిన వైపు అక్షరాలే చదవాలి. చివర్లో ప్లస్ వస్తే కుడివైపు, మైనస్ వస్తే ఎడమవైపు చూడాలి. కొందరు ఆ గుర్తుని పట్టించుకోకుండా చదువుకుంటూ పోతారు, అడిగితే రూలు మాత్రం సరిగ్గా చెబుతారు. కొత్త సమస్యని అప్పటికప్పుడు విప్పుకునే తెలివి తక్కువగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువట, ఆరోగ్యంగా ఉన్నా సరే. ఆ ముక్క నాకు నచ్చలేదు. ముందుగా చెప్పిన రూల్స్ ఎన్ని ఎక్కువైతే అంత జారతాయని 2008లో తేల్చారట. ఇది మాత్రం నచ్చింది.

గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే మా ఆవిడ ఫోను. కొత్తిమీర, షుగర్ మాత్రలు, పెరుగు. పెరుగు మూల కొట్టులో వద్దు, పులుపు.

అన్నీ తెచ్చాను. గిన్నెలోకి వంపుతూ వాసన చూసింది.

"మూల కొట్టులో వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."