రెండు సప్లీలు, ఒక మాటల నోట్‌బుక్: నా అనుభవం

2018లో ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో చేరాను. మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంటర్‌లో మ్యాథ్స్ 1ఏలో 75కి 72 వచ్చాయి. అందుకే ఫస్ట్ సెమ్ రిజల్ట్స్‌లో ఎం-1 (మ్యాథ్స్-1) పక్కన ఫెయిల్ అని చూసి, హాల్‌టికెట్ నంబర్ తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టి చూశాను.

పోయినవి రెండు సబ్జెక్టులు, అంటే మళ్లీ రాయాల్సిన పరీక్షలు, సప్లీలు, రెండు. ఎం-1లో ఇంటర్నల్ (మధ్యలో పెట్టే మిడ్ పరీక్షల మార్కులు) 14, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 19. బేసిక్ ఎలక్ట్రికల్‌లో 21, 22. ఎలక్ట్రికల్‌లో ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ కలిపితే 43 అయినా పాస్ కాలేదు. మా బ్యాచ్‌కు వర్తించిన ఆర్18 రెగ్యులేషన్ (పరీక్షల నియమాలు) ప్రకారం మొత్తం 40 వస్తే చాలేది కాదు, 75కి రాసే ఎక్స్‌టర్నల్‌లో విడిగా 26 రావాల్సి ఉండేది. ఆ లెక్క నాకు ఫెయిలయ్యాకే తెలిసింది.

నా అటెండెన్స్ 90 శాతం పైనే. ముందు బెంచీలో కూర్చుని బోర్డు మీదున్నదంతా దించుకునేదాన్ని. దించుకోవడమే, అర్థమయ్యేది తక్కువ. డౌట్ అడగాలంటే ఇంగ్లిష్‌లో అడగాలి అనుకునేదాన్ని. మనసులో వాక్యం కూర్చుకునేలోపు సార్ ఇంకో లెక్కలోకి వెళ్లిపోయేవారు.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్ల రాయొచ్చు కదా బిడ్డా, రాయి. అన్నం తిన్నవా?" అన్నాడు. తిట్టి ఉంటే అంత ఏడుపొచ్చేది కాదు.

ఎం-1 చెప్పిన మేడమ్ నన్ను స్టాఫ్‌రూమ్‌కు పిలిచి నా మిడ్ పేపర్ ముందు పెట్టారు. మాత్రికల మీద ఉండే కేలీ-హామిల్టన్ సిద్ధాంతాన్ని వెరిఫై చేసి, 'హెన్స్' ఇన్వర్స్ కనుక్కోమని ప్రశ్న. నేను వెరిఫై చేశాను. ఇన్వర్స్, అంటే విలోమ మాత్రిక, మాత్రం ఇంటర్‌లో నేర్చుకున్న పద్ధతిలో కట్టాను. జవాబు కరెక్టే, సగం మార్కులు పోయాయి. "హెన్స్ అంటే, పైన నువ్వు చూపించిన దాన్ని వాడుకునే చెయ్యాలని అమ్మా" అన్నారు మేడమ్, తెలుగులోనే. నాకు లెక్క రాక కాదు, ఆ ఒక్క మాట తెలియక మార్కులు పోయాయి. ఆ రోజు నుంచి ఆవిడ దగ్గర తెలుగులోనే డౌట్లు అడిగాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆ సాయంత్రమే 100 పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఎడమ వైపు క్లాసులో వినే మాట, కుడి వైపు నాకు తెలిసిన మాట: డిటర్మినెంట్, నిర్ధారకం. డెరివేటివ్, అవకలజం. రెసిస్టెన్స్, నిరోధం. వెనక పేజీల్లో ప్రశ్నల్లో వచ్చే మాటలు: స్టేట్, డిరైవ్, వెరిఫై, హెన్స్. పక్క గదిలో ఉండే సీనియర్ అక్క రోజూ అరగంట కూర్చోబెట్టి, ముందు తెలుగులో చెప్పించి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో రాయించేది. రెండు వాక్యాలైనా సరే, నా సొంత వాక్యాలు రాయాలి. ఎక్స్‌టర్నల్ పేపర్ మొదటి భాగం పార్ట్-ఏలో పది చిన్న ప్రశ్నలకు 25 మార్కులు ఉండేవి. మొదటిసారి అందులో సగం ఖాళీగా వదిలేశాను. అందుకని పాత పేపర్లు తెచ్చుకుని ముందు అవే రాశాను.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు రాత్రి రెండింటిదాకా చదివి, పొద్దున క్లాసులో తూగేదాన్ని. పదకొండున్నరకు పడుకోవడం మొదలుపెట్టాక పొద్దున చెప్పింది తలకెక్కేది. ఫోన్ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం అక్కకిచ్చేదాన్ని.

సెకండ్ సెమ్ పరీక్షలతో పాటే సప్లీలు. ఆ నెల టెన్షన్ మాటల్లో చెప్పలేను. పార్ట్-ఏలో ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.

ఎం-1 ఎక్స్‌టర్నల్ 51, ఎలక్ట్రికల్ 44. రిజల్ట్ చూడగానే నాన్నకు చేశాను. పొలం దగ్గర ఉన్నాడు. మోటార్ చప్పుడులో సరిగా వినపడక, గట్టు మీదికి నడిచొచ్చి రెండుసార్లు చెప్పించుకున్నాడు.