సుగ్గికి పోయే ఊళ్లో రాత్రి బడి

మొన్న అనంతపురం వైపు నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో కూడా బడి మానేసిన పిల్లల కోసం మాలాంటి సెంటర్ పెట్టాలనుకుంటున్నారట, ఎక్కడ మొదలుపెట్టాలి అక్కా అని అడిగింది. గంటసేపు మాట్లాడినా సగం కూడా చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక, చెప్పాల్సిన అసలు సంగతి ఒక్కటి మిగిలిపోయిందే అనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోనికి దగ్గర్లో ఒక ఊరు. పిల్లల కోసం పేరు రాయడం లేదు. చాలా ఇళ్లల్లో కన్నడం మాట్లాడతారు, బజారుకొస్తే తెలుగు. వానాధారం భూములు. పత్తి తీత అయిపోగానే డిసెంబరు నుంచి వ్యాన్లకు వ్యాన్లు గుంటూరు వైపు మిరపకోతలకు కదులుతాయి. దాన్నే మా వైపు సుగ్గికి పోవడం అంటారు. ఆ రోజుల్లో సాయంత్రం గేరిలో నడిస్తే ఇంటింటికీ తాళం, అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల పక్కన మరీ చిన్న పిల్లలు. పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లెవరూ కనపడరు. వాళ్లు పెద్దవాళ్లతో సమానంగా పనిచేస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లు వదిలిపెట్టి పోరు. కొందరు ఉగాదికి తిరిగొస్తారు, కొందరు ఇంకా ఆలస్యంగా.

మేం మొదటి ఏడాది సెంటర్ జూన్‌లో తెరిచాం. ఎందుకు జూన్ అంటే, బళ్లు జూన్‌లో తెరుస్తారు కాబట్టి. అంతకుమించి ఆలోచించలేదు. పదకొండు మంది చేరారు, అందరూ ఏడో ఎనిమిదో చదివి ఆపేసినవాళ్లే. సంక్రాంతి వచ్చేసరికి ముగ్గురు మిగిలారు. ఏప్రిల్‌లో ఓపెన్ స్కూల్ పరీక్ష, అంటే రోజూ బడికి పోకుండానే రాసే పదో తరగతి పరీక్ష, ఇద్దరు రాశారు. పిల్లలకు సీరియస్‌నెస్ లేదని నేను మీటింగుల్లో కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పుడొక పెద్దామె, మా దగ్గర చదివే పిల్ల వాళ్ల అవ్వ, జొన్నరొట్టె కొడుతూ తల కూడా ఎత్తకుండా అంది: "పాపా, నీ బడికి మా పని తెలీదు, మా పనికి నీ బడి తెలీదు. రెండూ యాడ కలుస్తాయి?"

ఆ ఆదివారమే తల్లుల్ని పిలిచి సెంటర్ నడిచే చావిడి గోడ మీద సుద్దతో పన్నెండు నెలల పట్టీ గీశాం. నెలల పేర్లు రాయలేదు, పనుల పేర్లు రాశాం. విత్తనం, కలుపు, విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో క్రాసింగ్, పత్తి తీత, సుగ్గి, ఉగాది. ఏ పనిలో పిల్లలు ఎప్పుడు ఖాళీగా ఉంటారో తల్లులే చెప్పుకొచ్చారు. క్రాసింగ్ సంగతి నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. సాయంత్రం పూట మొగ్గ విప్పి మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున దానికి వేరే పువ్వు పుప్పొడి అంటించాలి. అంటే ఆ పనికి పోయే ఆడపిల్లలకు పొద్దునా లేదు, సాయంత్రమూ లేదు. మేమేమో ఆరింటికి బెల్లు కొట్టి, ఆడపిల్లలు రావడం లేదని బాధపడేవాళ్లం! బెల్లు ఏడున్నరకు మార్చాం. పిల్లల్ని ఇళ్లకు దింపే బాధ్యత రోజుకొక తల్లి తీసుకుంది. అంతే, ఆడపిల్లల సంఖ్య మగపిల్లల్ని దాటింది.

ఆ పట్టీలో ఇంకో విషయం కూడా బయటపడింది. మా పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ తీరిక దొరికేది ఉగాది తర్వాత, తొలకరికి ముందు. అంటే ఊరంతా బళ్లకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో. అందుకని మా అసలు చదువు ఎండాకాలంలోకి మార్చేశాం. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేస్తాం, మళ్లీ రాత్రికి కలుస్తాం.

పరీక్ష సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెంటర్ పెట్టాలనుకునేవాళ్లలో చాలామందికి ఇది తెలియక ఒక ఏడాది పోతుంది, మాకూ అలాగే పోయింది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అందరూ ఎన్ఐఓఎస్ అనేది, పదో తరగతి పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. పద్నాలుగేళ్లు నిండితే చేరొచ్చు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసే అవకాశం ఉంది, ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. తెలుగులో రాయొచ్చు. అక్టోబరు పరీక్ష అంటే సుగ్గికి బయల్దేరే ముందు! ఏప్రిల్ పరీక్షకు గుంటూరు నుంచి పిల్లను రప్పించడమంటే ఆ ఇంటి కూలి పోగొట్టడం, చార్జీలు పెట్టించడం. అక్టోబరులో అయితే పిల్ల ఊళ్లోనే ఉంటుంది. కాకపోతే ఆ పరీక్ష రాయాలంటే అంతకు ముందు చలికాలంలోనే పేరు నమోదు చేయించాలి, అంటే వ్యాన్లు కదలకముందే. మేం పత్తి తీత సమయంలోనే కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం.

కాగితాల దగ్గర చాలా ఓపిక కావాలి. టీసీలో ఒక పేరు ఉంటుంది, ఆధార్‌లో ఒక పేరు ఉంటుంది. పుట్టిన తేదీ చాలామందికి జూన్ ఒకటో, జనవరి ఒకటో. ఒక పిల్లాడి పేరు సరిచేయించడానికే మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ వాళ్ల నాన్న పనులు మానుకుని ఆదోనికి తిరిగాడు. చదువు చెప్పడానికి వచ్చినవాళ్లు ఈ పని తమది కాదనుకోవద్దు. మా దగ్గర సగం పని ఇదే.

ఇప్పుడు ఒక కష్టమైన మాట. రాత్రి బడి అంటేనే ఒప్పుకోనివాళ్లున్నారు, వాళ్ల వాదనలో బలం ఉంది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లల్ని పనిలోంచి తప్పించి బడికి పంపిన ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు మొదట్నుంచీ చెప్పేది ఒకటే, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పగలు పనికి పంపి రాత్రి చదువు చెప్పడమంటే ఆ పనిని ఒప్పుకోవడమే అని. వాళ్లు శిబిరాలు పెట్టి, వెనకబడ్డ చదువు అందుకునేలా బ్రిడ్జి కోర్సు చెప్పి, నేరుగా పగటి బడిలో చేర్పించారు. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. నేను ఆ మాటతో చాలా రోజులు నాలో నేనే కొట్లాడాను. చివరికి మేం పెట్టుకున్న కట్టు ఇది. పద్నాలుగేళ్లలోపు పిల్లను రాత్రి బడిలో చేర్చుకోం, ఎంత బతిమాలినా సరే. ఊరి బడికో, ఆడపిల్లైతే అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయానికో, సుగ్గికి పోయే ఇల్లైతే పెద్దవాళ్లు తిరిగొచ్చేదాకా పిల్లల్ని ఉంచుకునే సీజనల్ హాస్టల్‌కో పంపుతాం, చేరేదాకా వెంటపడతాం. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది, కానీ అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. ఆ గీత దాటిన పిల్లకు తలుపు తీసేవాళ్లు తక్కువ. మా చావిడి ఆ పిల్ల కోసం. ఈ కట్టు వల్ల మా సంఖ్య పెరగలేదు, ఏటా కొందరిని వెనక్కి పంపుతాం. అదే సరైనదని నా నమ్మకం.

ఇక చదువు ఎలా చెప్తామంటే, పుస్తకం పేజీ ప్రకారం చెప్పడం ఎప్పుడో మానేశాం. నలుగురు పిల్లలు నాలుగు చోట్ల ఆగిపోయి వస్తారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల బళ్ల కోసం కార్డులూ నిచ్చెనా పద్ధతి చాలా ఏళ్ల కిందటే తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొడతారు, గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో వాళ్లకే తెలుస్తుంది. మూడు నెలలు రాని పిల్ల తిరిగొచ్చి తన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. సుగ్గికి పోయే పిల్లలకు ఇంతకంటే సరిపోయేది నాకు కనపడలేదు. ఆ పద్ధతి చిన్న తరగతులది, మేం దాన్ని చూసి పదో తరగతి లెక్కలకు మా చేతనైనట్టు కార్డులు రాసుకున్నాం.

కిందటి ఏడాది మార్చి చివర్లో ఒక రాత్రి, గుంటూరు నుంచి దిగిన రోజే ఒక పిల్ల చావిడికి వచ్చింది. స్నానం చేసినా ఘాటు పోలేదు, పక్కన కూర్చున్నవాళ్లకు దగ్గు. వేళ్ల చివర్లు ఎర్రబడి పొర లేచిపోయి ఉన్నాయి. పెన్ను పట్టుకోలేక చున్నీ కొంగు దానికి చుట్టి పట్టుకుంది. ఎవరో కొబ్బరినూనె తెచ్చి రాశారు. రేపు చేద్దువులేమ్మా అన్నాను. వినలేదు. గోడ దగ్గరికెళ్లి తన పేరు వెతుక్కుని, "ముప్పై నాలుగు అక్కా, ఆడే ఉండా" అని ఆ కార్డు తీసుకుంది. పావు, అర, ముప్పావు కార్డు అది. నూనె మరకలు ఇప్పటికీ ఉన్నాయి దాని మీద. తర్వాత వారం వాళ్ల నాన్న, కూలీలను సుగ్గికి తీసుకుపోయే మేస్త్రీ రాసిచ్చిన లెక్క చీటీ తెచ్చాడు. ఎన్ని రోజులు, ఎంత కూలి, ముందు తీసుకున్న అడ్వాన్సులో ఎంత పట్టుకున్నారు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చూసి నలభై ఒకటో కార్డు తయారుచేశాం, శాతాలకు.

ఆ తర్వాత సుగ్గికి పోయేటప్పుడు ఆ పిల్లే, ఇంకో ఇద్దరూ కార్డుల కట్టలు యూరియా సంచిలో వేసుకుని తీసుకుపోయారు. మేం చెప్పలేదు. గుడారాల దగ్గర రాత్రిపూట ఫోన్ లైటు వేసుకుని చేసుకున్నారట, పక్క ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు కూడా చుట్టూ చేరారట. తిరిగొచ్చాక ఆ పక్క ఊళ్ల నుంచి తల్లులు మా చావిడికి వచ్చి, మా ఊళ్లోనూ పెట్టండి అని అడిగారు.

దీనికి రెండేళ్ల ముందు ఒక దాత సంస్థ ఒకేసారి ఐదు సెంటర్లు పెట్టమంది. మూడు పెట్టాం. ఆదోని నుంచి టీచర్లను జీతమిచ్చి పంపాం. ఆఖరి బస్సు టైము ప్రకారం వాళ్లు వెళ్లిపోవాలి, మా పిల్లలేమో ఆ బస్సు పోయాకే ఖాళీ అవుతారు. ఏడాది తిరక్కముందే రెండు మూతపడ్డాయి. ఆ రెండు ఊళ్లలో పేర్లు రాసుకున్న పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. మాట ఇచ్చి తప్పాం. అందుకే ఇప్పుడు ఎవరైనా సెంటర్ అడిగితే వెంటనే సరే అనను. మీ ఊళ్లో రాత్రి ఏడున్నరకు ఇంట్లో ఉండే టీచర్ ఎవరు అని ముందు అడుగుతాను. మా చావిడిలో ఇప్పుడు చెప్పేది ఇక్కడే పది పాసైన ఇద్దరమ్మాయిలు, ఒకామె ఇంటర్ కూడా ఓపెన్‌లోనే చదువుతోంది. కన్నడంలో అడిగితే కన్నడంలో చెప్తారు, అది నా వల్ల కాలేదు ఎప్పుడూ. వాళ్లకిచ్చే డబ్బులో కొంత మేం కూడబెడతాం, కొంత ఊరు ఇస్తుంది. జొన్న కోతలప్పుడు పిల్ల చదివే ఇల్లు, చదవని ఇల్లు అని లేకుండా గేరిలో ఇంటికో శేరు జొన్నలు పోస్తారు.

చెల్లీ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇదే, ముందు గోడ మీద మీ ఊరి పనుల పట్టీ గీయించు, తల్లుల చేతే గీయించు. మిగతావి దాన్ని చూస్తే తెలుస్తాయి.

ఈ అక్టోబరుకు మా దగ్గర పద్నాలుగు మంది రాస్తున్నారు. పత్తి తీత కూడా అప్పుడే కాబట్టి పరీక్ష రోజుల్లో ఎవరి చేలో ఎవరు మారు వెళ్లాలో తల్లులు ఇప్పటికే మాట్లాడుకుంటున్నారు. వచ్చే ఆదివారం పక్క ఊరి నుంచి నలుగురు తల్లులు వస్తామన్నారు. జొన్నలు ఎవరు కొలుస్తారు, లెక్క ఎవరు రాస్తారు అని అడుగుతున్నారట. ఆ లెక్కల పుస్తకం రొట్టె కొట్టే అవ్వ ఇంట్లో ఉంటుంది. పుస్తకం తీసుకుని రమ్మని ఆమెకు కబురు పెట్టాను.