డోక్రా గురువును బడికి తెచ్చుకోవడం: నా అనుభవం

మా బడి పిల్లలకు డోక్రా, అంటే మైనం అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోసే పని, నేర్పిన కాకా ఖాతాలో నిన్న సాయంత్రం డబ్బులు పడ్డాయి. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో టీచర్ని. జైనూర్ మండలం ఉషేగాంలో ఓజా కుటుంబాలు తరతరాలుగా డోక్రా బొమ్మలు పోస్తున్నాయి. గోండుల దేవుళ్ల సామాను, గంటలు, నెమళ్లు, ఏనుగులు అన్నీ వాళ్ల చేతి మీదుగా వచ్చేవే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అయినా మా పిల్లల్లో చాలామందికి ఆ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు పెట్టి, స్థానిక చేతిపనివాళ్ల దగ్గర పని నేర్చుకోమంది. నేను ఆ మాటే పట్టుకున్నాను.

హెడ్మాస్టరు సరే అన్నారు. బడి కమిటీ తీర్మానం ఒక్క మీటింగులో అయిపోయింది. కాకాను అడిగితే "పిలగాండ్లు నేర్చుకుంటమంటే నేనెందుకు రాను సార్" అన్నాడు.

ఇక క్లాసులు. మట్టి ముద్దతో లోపలి ఆకారం చేసి ఆరబెట్టాలి. మైనం, గుగ్గిలం కలిపి కాచి దారాల్లా తీసి, ఆ ముద్ద చుట్టూ ఒక్కొక్కటే చుట్టాలి. దానిపైన మళ్లీ మట్టి పూత. కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. కొలిమి పని కాకా ఒక్కడే చేశాడు, పిల్లల్ని దూరంగా నిలబెట్టాడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి తాబేలు వీపు మీద దారం చుడుతుంటే మూడుసార్లు తెగింది. కాకా ఏమీ అనకుండా తన వేలు తడి చేసుకుని, తెగిన కొసలు రెండూ కలిపి నొక్కి చూపించాడు. నాలుగోసారి ఆ పిల్ల తనంతట తానే అతికించుకుంది.

అసలు కథ కాకా పారితోషికం బిల్లు దగ్గర మొదలైంది. ఆ కార్యాలయం పేరు రాయను. నాకు కుర్చీ వేశారు, కాకాను నిలబెట్టారు. నేనూ కూర్చోలేదు. గుమస్తా వయసు కాకా కొడుకు వయసంత ఉంటుంది. తల ఎత్తకుండానే "నువ్వు ఏం చదివినవ్?" అని అడిగాడు. చదవలేదని కాకా చెప్పాడు. "ఐటీఐ సర్టిఫికెట్ అన్నా లేకుంటే శిక్షకుడని రాయరాదు. కూలీ కింద రాస్తా, కూలీ రేటే వస్తది" అన్నాడు.

కాకా సంచిలోంచి నెమలిని తీసి బల్ల మీద పెట్టాడు. గుమస్తా దాన్ని చేతిలో బరువు చూసి "ఇత్తడి కిలో ఎంతుంది ఇప్పుడు?" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆ నెమలి మెడ మీద ఉన్న ప్రతి గీతా ఒక మైనం దారం. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే అలాంటి నెమలి ఇంకోటి ఉండదు. మొహెంజోదారో నాట్యగత్తె బొమ్మను పోసిందీ ఈ పద్ధతిలోనే. ఇదంతా అక్కడే, అందరూ వినేటట్టు చెప్పాను. "సార్ వచ్చినంక రాండి" అన్నాడు. ఆ సార్ గది అద్దాల బీరువాలో డోక్రా ఏనుగు ఉంది.

బయటికి వచ్చాక కాకా "కూలీ అనే రాయనీయ్ సార్, నీకెందుకు తిప్పలు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మర్లవాయి కనకరాజు గారికి గోండుల గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు, డిగ్రీ చూసి ఇచ్చారా? పిల్లలకు నేర్పినవాడు గురువు. రిజిస్టరులో ఆయన్ని కూలీ అని రాయించి, రేపు అదే పిల్లలకు మన కళ గొప్పది అని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

దారి చూపించింది కాకా ఇంటి ట్రంకుపెట్టెలోని పహచాన్ కార్డు. కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం ఇచ్చే ఈ కార్డు మీద కళ పేరు కూడా ఉంటుంది. దాని నకలు, కమిటీ తీర్మానం, విద్యా విధానంలో ఆ పేజీ, మూడూ కలిపి పై అధికారికే ఇచ్చాను. "కుదరదంటే ఆ ముక్కే కాగితం మీద రాసి ఇవ్వండి" అన్నాను. రాయలేదు, సంతకం పెట్టారు. బిల్లులో "డోక్రా శిక్షకుడు" అని ఉంది. ఆ మాట రాయించింది నేనే, ఎవరికైనా గర్వంగా చెప్తాను.

మీ బడిలో చేయాలనుకుంటే పహచాన్ కార్డు లేని కళాకారుడికి ముందు అది ఇప్పించండి. తీర్మానంలోనే శిక్షకుడు అన్న మాట, ఇచ్చే మొత్తం రాయించండి. నోటి మాట మీద ఏ గుమస్తానూ నమ్మొద్దు. కళాకారుణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పకండి, ఆ తిరుగుడు మనం తిరుగుదాం. మైనం ఖర్చు వేరే పద్దులో పెట్టండి, లేకపోతే ఆయన పారితోషికంలోంచి కోస్తారు. వానాకాలం మాత్రం పెట్టుకోవద్దు, మట్టి ఆరదు.