ఎర్ర మెడ, ఎర్రబస్సు

పదకొండున్నరయింది. నిద్ర పట్టడం లేదు. కారణం మన కారప్పొడి వదిన.

నాలుగు రోజుల తర్వాత ఇవాళ వేణ్ణీళ్ళొచ్చాయి. సంతోషమే. ప్లంబరు సామాన్లు సర్దుకుంటుంటే వదిన గోంగూర డబ్బాతో దిగింది. అతని గడ్డం, బురద బూట్లు, బయటున్న ట్రక్కు ఒక్క చూపులో కొలిచేసి, "ఈ రెడ్‌నెక్‌గాణ్ణి ఎక్కడ పట్టావమ్మా? వీళ్ళకి తుపాకులు తప్ప చదువూ సంధ్యా ఉండదు" అంది. తెలుగులోనే అంది. కానీ అమెరికా పల్లెటూరి తెల్లవాళ్ళని వెక్కిరించే "రెడ్‌నెక్" అనే ఆ ఒక్క ముక్కా తెలుగు కాదుగా! పానా తుడుస్తున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

అంతకు ముందే కాఫీ తాగుతూ చెప్పాడు, వాళ్ళ తాత తూర్పు కెంటకీ కొండల్లోంచి 23వ నంబరు రోడ్డు పట్టుకుని ఒహాయో ఫ్యాక్టరీకి వచ్చాడట. ఆ రోడ్డుకి హిల్‌బిల్లీ హైవే, అంటే కొండ మొరటోళ్ళ రోడ్డు, అని పేరు. తనే నవ్వుతూ చెప్పాడు.

వదిన వెళ్ళాక నా కోపమంతా గిన్నెల మీద. "అవేం చేశాయి?" అన్నారు మావారు.

నాకు గుర్తొచ్చింది హైదరాబాదు హాస్టల్లో మొదటి రోజు. నా ట్రంకుపెట్టె మీద నాన్న తెల్ల పెయింటుతో పేరు, ఊరు, "వయా నరసరావుపేట" అని రాయించారు. "ఎర్రబస్సు దిగిందే!" అంది పై మంచం పిల్ల. నేనొచ్చింది రైల్లో. ఎవరిక్కావాలి! నాలుగేళ్ళూ నా పేరు "వయా". మెస్సులో రెండోసారి అన్నం పెట్టించుకుంటే "వయాకి పొలం పనుంది" అనేవాళ్ళు. సెలవుల్లో ఆ పెయింటు బ్లేడుతో గీకేశాను. నాన్న చూశారు, ఏమీ అనలేదు.

ఎండకి మెడ కమిలిన రైతుల్ని వెక్కిరించడానికి పుట్టిన మాటట రెడ్‌నెక్. 1921లో వెస్ట్ వర్జీనియా బ్లెయిర్ కొండ దగ్గర, యూనియన్ కోసం తిరగబడ్డ పదివేలమంది దాకా బొగ్గుగని కార్మికులు ఎర్ర గుడ్డలు మెడకి కట్టుకున్నారు, తమవాళ్ళెవరో తెలియడానికి. జీతం డబ్బుకి బదులు కంపెనీ ఇచ్చే బిళ్ళలు కంపెనీ కొట్లోనే చెల్లే రోజులు. 2018 సమ్మెలో అక్కడి టీచర్లూ అవే గుడ్డలు కట్టారు. ఇదంతా వదినకి వడ్డించాలని కూర్చున్నాను.

కానీ పోయిన నవంబరు గుర్తొచ్చింది. టైరు పంక్చరైతే వెనకాల జెండా కట్టిన పికప్ ఆగింది. నేను తలుపులు లాక్ చేసుకున్నాను. మనసులో మెదిలింది ఆ మాటే, పైకి అనలేదంతే. అతను అద్దం అవతల్నుంచి సైగ చేసి, టైరు మార్చి, చెయ్యూపి పోయాడు.

వదినకైతే అలాంటి ట్రక్కులోంచే "మీ దేశం పో" అని కేక వినపడింది, వెనక సీట్లో చంటిదుండగా. ఆవిడ భయం ఊరికే పుట్టలేదు. మరి ఆ కేక వేసినవాడు ఈ ప్లంబరు కాదుగా?

పైగా అతని ట్రక్కు బంపరు మీద స్టిక్కరుంది, "రెడ్‌నెక్" అనే. తనే అంటించుకున్నాడు. నేనూ నన్ను ఎర్రబస్సనుకుంటాను, మావారంటే మాత్రం ఊరుకోను.

గోంగూర బావుంది, ఆ మాట చెప్పుకోవాలి. రేపు డబ్బా తిరిగివ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. ఇంట్లో అటుకులు తప్ప ఏమీ లేవు.