బోనీ, క్లైడ్ వెంట డోవ్ రోడ్డు దాకా

బోనీ, క్లైడ్ 1930ల్లో అమెరికాలో ముఠా కట్టి దోపిడీలు చేసిన జంట. వాళ్ల మీద 1967లో వచ్చిన ‘బోనీ అండ్ క్లైడ్’ సినిమాలో ఆ జంట చచ్చిపోయే సీను తీసింది కాలిఫోర్నియాలో. నిజంగా వాళ్లు చచ్చిపోయింది లూసియానాలో, గిబ్స్‌ల్యాండ్ అనే చిన్న ఊరి దగ్గర. డాలస్ నుంచి ఐ-20 హైవే ఎక్కితే మూడున్నర గంటల దారి. ఒక శనివారం పొద్దున్నే నేనూ మా బావమరిదీ బయల్దేరాం. వాడికి ఆ సినిమా అంటే పిచ్చి. నాకు అందులో బోనీగా వేసిన ఫే డునవే పెట్టుకున్న టోపీ తప్ప పెద్దగా ఏమీ గుర్తు లేదు.

ష్రీవ్‌పోర్ట్ దాటాక రెండు పక్కలా పైన్ చెట్లే. గిబ్స్‌ల్యాండ్‌లో వెయ్యి మంది కూడా ఉండరు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పాత బిల్డింగ్ అప్పట్లో కేఫ్. 1934 మే 23 పొద్దున వాళ్లిద్దరూ శాండ్‌విచ్‌లు కట్టించుకుని బయల్దేరింది ఇక్కడినుంచే. లోపల ఒళ్లంతా తూట్లు పడిన ఫోర్డ్ వీ8 కారు కనబడగానే మావాడు ఫోన్ తీశాడు. అది నకలు. అసలు కారుని చాలా ఏళ్లు నెవాడా క్యాసినోల్లో చూపించి జనాన్ని రప్పించుకున్నారు.

నన్ను కదలనివ్వనివి గోడల మీది పాత ఫోటోలు. వార్త తెలియగానే జనం ఎగబడ్డారట. ఒకావిడ బోనీ జుట్టు కత్తిరించుకుంది, ఒకాయన క్లైడ్ చెవి కోసుకుపోబోయాడు. తుపాకుల మధ్య కారులో ఒక సాక్సోఫోన్ కూడా దొరికింది. వాయించేది క్లైడ్. ఆ సంగతి సినిమావాళ్లు ఎందుకు వదిలేశారో మరి!

అక్కడినుంచి హైవే 154 మీద దక్షిణానికి వెళ్తే రోడ్డు పక్కన ఒక రాయి. ఎవరెవరో దాని మీద పేర్లు చెక్కారు, తుపాకులతో కాల్చారు, అంచులు చెక్కుకుపోయారు. ముఠాలో ఉన్న హెన్రీ మెత్విన్ తండ్రి ట్రక్కుని చక్రం ఊడదీసి ఇక్కడే నిలబెట్టారు. ఎదురుగా గట్టు మీద పొదల్లో ఆరుగురు పోలీసులు మాటు వేశారు. తెలిసిన బండే కదా అని క్లైడ్ స్పీడు తగ్గించాడు. అంతే, నూట ముప్ఫై దాకా తూటాలు. సినిమాలో క్లైడ్ కిందికి దిగుతాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, తర్వాత స్లో మోషన్. ఇక్కడ దిగడమూ లేదు, చూసుకోవడమూ లేదు. బోనీకి 23, క్లైడ్‌కి 25. ఏడాది కిందట కారు ప్రమాదంలో కాలు కాలిపోయి, అప్పటికి ఆమె సరిగ్గా నడవలేకపోతోంది కూడా. సినిమాలో క్లైడ్‌గా వేసిన వారెన్ బేటీ పక్కన డునవే ఎంత చలాకీగా నడుస్తుందో గుర్తు చేస్తే మావాడు మొహం చిట్లించాడు.

దారిలో వాదన పెట్టుకున్నాం. ముప్ఫైల నాటి ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు రైతుల పొలాలూ ఇళ్లూ లాక్కున్నాయి కాబట్టి బ్యాంకుల్ని కొట్టేవాడు జనానికి హీరో అయ్యాడంటాడు వాడు. అది నిజమే. కానీ ఈ ముఠా ఎక్కువగా దోచింది చిన్న కిరాణా కొట్లనీ పెట్రోలు బంకుల్నీ. అక్కడ గల్లాపెట్టెలో ఉండేది ఏ బ్యాంకు డబ్బు? పోలీసు అధికారి ఫ్రాంక్ హేమర్‌ని సినిమాలో పట్టుకుని, కట్టేసి అవమానిస్తారు. నిజానికి ఆ కాల్పుల రోజు దాకా ఆయన వాళ్లకి ఎదురుపడనే లేదు. ఆయన భార్య కేసు వేస్తే స్టూడియో రాజీ చేసుకుంది.

మర్నాడు డాలస్‌లో సమాధులు చూశాం. ఇద్దరినీ పక్కపక్కన పెట్టడానికి బోనీ తల్లి ఒప్పుకోలేదు. బోనీది క్రౌన్ హిల్‌లో, క్లైడ్‌ది ఊరికి ఇంకో వైపు వెస్టర్న్ హైట్స్‌లో, అన్న బక్‌తో కలిపి ఒకే రాయి కింద. బోనీ రాయి దగ్గర పూలూ చిల్లర నాణేలూ, ఎవరో పెట్టిపోయిన లిప్‌స్టిక్కూ ఉన్నాయి.

ఇంటికి వెళ్తూ సౌత్‌లేక్‌లో డోవ్ రోడ్డు వైపు తిప్పాను. ఆ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉంటారు, రోజూ అటే ఆఫీసులకి పోతుంటారు. 114 హైవే పక్కన ఒక చిన్న స్మారక శిల. 1934 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారులో వాళ్లకేమైనా సాయం కావాలేమోనని మోటార్ సైకిళ్ల మీద దగ్గరికి వెళ్లిన ఇద్దరు గస్తీ పోలీసుల్ని, వీలర్‌నీ మర్ఫీనీ, ఈ ముఠా కాల్చేసింది. మర్ఫీకి త్వరలో పెళ్లి. ఆ అమ్మాయి పెళ్లి గౌనులోనే అంత్యక్రియలకి వచ్చిందట. ఆ రోజుతో జనంలో మిగిలిన సానుభూతి చాలావరకు పోయింది. రెండు నెలలు తిరక్కుండానే గిబ్స్‌ల్యాండ్ జరిగింది.

అక్కడ మేం తప్ప ఎవరూ లేరు. పూలు లేవు, నాణేలు లేవు.

“ఇది సినిమాలో లేదు కదరా?” అన్నాను.

“పెడితే వాళ్లిద్దరి ప్రేమకథ ఎవడు చూస్తాడు బావా!” అంటూ కారెక్కాడు. ఇర్వింగ్ వచ్చేదాకా ఆ సినిమా ఊసెత్తలేదు.