‘ని’ పలికే టచ్

ఆదివారం, రాత్రి

పాప వాయించే కీబోర్డుకు టచ్ రెస్పాన్స్, అంటే వేలు పడే తీరును బట్టి శబ్దం ఎంత మారాలనే సెట్టింగు, ఏది పెట్టాలో ఈరోజుకు తేలింది. చాలామంది దీన్ని పట్టించుకోరు. మెనూలో ఎక్కడో ఒక మూలన ఉంటుంది, కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఏళ్ళ తరబడి వదిలేస్తారు. నాకైతే, నేర్చుకునే పిల్ల వేళ్ళు ఎట్లా తయారవుతాయనేది చాలావరకు దీని మీదే ఉందనిపిస్తుంది.

మాది 61 కీల యమహా. ఇందులో టచ్ నాలుగు రకాలు: సాఫ్ట్, మీడియం, హార్డ్, ఫిక్స్‌డ్. సాఫ్ట్‌లో మెల్లగా నొక్కినా శబ్దం పెద్దగానే వస్తుంది. హార్డ్‌లో గట్టిగా కొడితేగాని పెద్ద శబ్దం రాదు. మీడియం ఆ రెండింటికీ నడుమ. ఫిక్స్‌డ్ పెడితే ఎట్లా నొక్కినా ఒకటే శబ్దం. క్లాసులో సారు, “కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఫిక్స్‌డే మేలమ్మా, చేయి తిరిగినాక మార్చుకోవచ్చు” అన్నారు. అప్పటి నుంచి ఫిక్స్‌డ్‌లోనే ఉంది. సారు మీద నాకు గౌరవం ఉంది. పాపకు తాళం కుదిరిందంటే ఆయన ఓపిక వల్లే. ఈ ఒక్క మాట మాత్రం నాకు మింగుడు పడలేదు.

పొద్దున కారం దోసెలు తిన్నాక పాపను కూర్చోబెట్టి, పియానో టోన్ పెట్టి, ఫిక్స్‌డ్ తీసేసి హార్డ్‌కు మార్చాను. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుస, అదే సరిగమల మొదటి పాఠం, వాయించమన్నాను. సి అనే కీ దగ్గర షడ్జమం, అంటే స, పెట్టుకుంటుంది. స బొటనవేలు, రి చూపుడువేలు, గ నడిమివేలు. అక్కడ బొటనవేలు కింద నుంచి దూరి వచ్చి మ అందుకోవాలి. మళ్ళీ ప చూపుడువేలు, ద నడిమివేలు, ని ఉంగరంవేలు, పై స చిటికెనవేలు. ఇన్ని రోజులూ ఫిక్స్‌డ్‌లో అన్నీ సమానంగా వినిపించేవి కాబట్టి మా అందరికీ బాగానే వాయిస్తున్నట్టు ఉండేది. హార్డ్ పెట్టేసరికి అసలు సంగతి బయటపడింది. మ దగ్గర బొటనవేలు ధన్‌మని పడుతోంది. ని దాదాపు వినపడటమే లేదు.

“అమ్మా, నేను నొక్కినా. అదే పలకల్యా” అంది.

నొక్కింది నిజమే. నేను పక్కనే కూర్చుని చూస్తున్నా. ఉంగరంవేలు కీ మీదికి దిగుతోంది కానీ, నడిమివేలు పైకి లేవకముందే దాంతో పాటు ఈడ్చుకుంటూ దిగుతోంది. ఆ రెండు వేళ్ళూ విడివిడిగా కదలడం ఎవరికైనా కష్టమే. పైగా ద నల్ల కీ, ని తెల్ల కీ. నడిమివేలు ఎత్తులో ఉండగా ఉంగరంవేలు కిందికి దిగాలి. పదేళ్ళ చేతికి అది అంత సులువు కాదు.

ఇక్కడ కీబోర్డు ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అది మన బలాన్ని కొలవదు, వేగాన్ని కొలుస్తుంది. ఒక్కో కీ కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. కీ దిగేటప్పుడు ముందు ఒకటి తగులుతుంది, ఆ వెంటనే రెండోది. ఆ రెండింటి మధ్య ఎంత సమయం పట్టిందో చూసుకుని శబ్దం ఎంత ఇవ్వాలో లెక్క కడుతుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ఆ లెక్క 1 నుంచి 127 వరకు ఉంటుంది. సాఫ్ట్, మీడియం, హార్డ్ అనేవి మన వేగాన్ని ఆ అంకెల్లోకి మార్చే తీరులే. కీ బరువు మాత్రం ఏ సెట్టింగులోనూ మారదు. ఇదంతా పాపకు చెప్పకుండా చేసి చూపించాను. ఒక కీని బలమంతా పెట్టి, కానీ నిదానంగా దించమన్నా. సన్నగా పలికింది. మళ్ళీ వేలు వదులుగా ఉంచి చురుగ్గా తట్టమన్నా. గణగణమంది. పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే భుజాలు దించి వాయించింది.

హార్డ్ మాత్రం ఉంచలేదు. ఆ ని కోసం మణికట్టు బిగించి కొట్టడం మొదలుపెట్టింది, అట్లా అలవాటైతే చేయి నొప్పి పుడుతుంది. సాఫ్ట్ పెట్టి చూశాను. ఎట్లా తట్టినా పెద్దగానే వస్తోంది, మ, ని తేడా మళ్ళీ మరుగున పడింది. మీడియంలో ని సన్నగానైనా పలుకుతోంది, మ బరువు తెలుస్తోంది. తన వేలు ఏం చేస్తోందో తన చెవికి తెలియాలి, తెలిసినా చేయి నొవ్వకూడదు. నాకు కావలసింది అదే.

మధ్యాహ్నం అత్తమ్మ పడుకుంటుందని వాల్యూం బాగా తగ్గించి వాయించుకోమంటే, పాప మళ్ళీ గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. వినపడకపోతే చేయి దానంతట అదే బరువెక్కుతుంది. అందుకే టచ్ ఎంచుకునే ముందు వాల్యూం సరిచేసుకోవాలి. ఇయర్‌ఫోన్ పెట్టి, శబ్దం చెవికి హాయిగా ఉండేంత పెంచాను. చేయి మళ్ళీ తేలికపడింది. టచ్ సెట్టింగును మాత్రం ముట్టుకోనే లేదు.

సాయంత్రం ప్రొద్దుటూరు నుంచి పెదనాయన వచ్చినాడు. వయసులో ఉండగా పద్యనాటకాలకు లెగ్ హార్మోనియం, అంటే కాళ్ళతో గాలి ఊదే హార్మోనియం, వాయించిన మనిషి. సురభి నాటకాలు 1885లో పుట్టింది మా కడప జిల్లా సురభి ఊళ్ళోనే కదా, ఆ మాట ఎత్తితే చాలు ఆయనకు పొద్దు తెలియదు. కాఫీ తాగి కీబోర్డు ముందు కూర్చుని మోహన రాగం ఎత్తుకున్నాడు. రెండు సంగతులు వేసి చేయి తీసేశాడు.

“ఏందమ్మా ఇది? నేను ఒక తీరుగానే నొక్కుతాండా. ఇది ఒకసారి అరుస్తాది, ఒకసారి మూలుగుతాది.”

హార్మోనియంలో శబ్దం పెరగడం, తగ్గడం గాలి చేతిలో ఉంటుంది. తిత్తి ఎంత ఊదితే అంత. మెట్టును, అంటే దాని కీని, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా లోపల పలికే రేకు, అదే రీడు, బలం మారదు. అన్నేళ్ళు ఆ మెట్ల మీద పరిగెత్తిన వేళ్ళకు ఎక్కడ నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదే ముఖ్యం. ఫిక్స్‌డ్‌కు మార్చి ఆర్గన్ టోన్ పెట్టాను. ఆ తర్వాత మోహన సాగిందీ! పద్యం చివర తీసే ఆ పొడుగాటి రాగం ఆయన వేళ్ళలోంచి గమకాలు గమకాలుగా దొర్లింది. పాప నోరు తెరుచుకుని వింది. ఫిక్స్‌డ్ అంటే రాని వాళ్ళకని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆయన వాద్యానికి అదే సరైనది. ఇటలీలో క్రిస్టొఫోరి 1700 ప్రాంతంలో సుత్తులతో పియానో చేసింది వేలి దెబ్బను బట్టి శబ్దం మారాలనే. ఆ టోన్ పెట్టుకుని నేర్చుకునే పిల్లకు మాత్రం ఆ మార్పు మొదటి నుంచీ తెలియాలి.

“అబ్బా, నాకూ అట్లా నేర్పిస్తావా?” అని పాప ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంది. “ముందు నీ ని పలకనీ మే” అన్నాడు. వంటింట్లో ఉన్నాడనుకుంటే పొద్దున నుంచి జరిగిందంతా మా ఆయన చెప్పేసినట్టున్నాడు.

పెదనాయన వచ్చినప్పుడు ఫిక్స్‌డ్, మిగతా రోజులు మీడియం. మంగళవారం క్లాసుకు పోయినప్పుడు సారుతో ఈ మాట చెప్పి, ఆయన ముందే మీడియంలో వాయించి చూపించమంటాను. విన్నాక ఆయనేమంటారో చూడాలి. ఇంకోటి కూడా గమనించాను. కీబోర్డు పెట్టిన టేబులు ఎత్తు ఎక్కువ. పాప మోచేతులు కీల కంటే కిందికి ఉంటున్నాయి, అందుకే మణికట్టు వంగుతోంది. ఏ టచ్ పెట్టినా అది సరికాదు. ఎత్తు మార్చుకునే స్టాండు ఒకటి కావాలి. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు వై.వి. స్ట్రీటు అంగళ్ళలో అడిగి చూస్తాను. దొరకకపోతే అప్పటిదాకా కుర్చీలో రెండు దిండ్లు వేస్తాను.